ఉష్ణమండల ద్వీపములయందలి ఎలుకజాతులు: వాని వంశసంబంధములును, ఓడయెలుకలవలని అపాయమును

పురపాలక సంఘముల నివేదికలయందు "ఎలుకలు" అను నొక్క మాటక్రింద పెక్కు జంతువులు చేర్చబడుచుండును. ఇంటియెలుక, పందికొక్కు, పొలపుటెలుక వేర్వేరు జాతులు. చుంచు ఎలుకకులమునకే చెందదు. అది పురుగులను తిని బ్రదుకు వేరొక కులములోనిది. ఈ భేదములను గుర్తించుట యెంత యావశ్యకమో ద్వీపముల చరిత్రవలన స్పష్టమగును.

1. ద్వీపములయందు జాతులు ఏర్పడు విధము

సముద్రమధ్యమునందలి దీవికి ఎలుకలు నీట కొట్టుకొనివచ్చు మ్రాకులమీదనో, సముద్రమట్టము తగ్గిన కాలమున పొరుగుభూమి మీదుగనో చేరును. అట్లు చేరిన కొలది జంతువుల సంతతి, మూలభూమియందలి జ్ఞాతులతో సంపర్కము లేక, తరతరములకు మార్పుచెంది తుదకు ప్రత్యేకజాతి యగును. దీవి పెద్దదై కొండలు గలదైనచో ఒక్క వంశమే పలుశాఖలుగా చీలును. మడగాస్కరునందలి స్వదేశపు ఎలుకజాతు లన్నియు, కోటికి పైబడిన సంవత్సరముల క్రిందట ఆఫ్రికానుండి చేరిన యొక్క వంశమునుండియే పుట్టినవి. ఫిలిప్పీను దీవులలోని లూజానునందు చెట్లపై నివసించు పెద్ద యెలుకలును, వానపాములను తిను పొడుగుమూతి యెలుకలును గలవు. 2016లో ప్రకటింపబడిన లెక్కనుబట్టి ఆ దీవియందలి ఎగురజాలని క్షీరజంతువులు 56 జాతులు. వానిలో 52 జాతులు మరెచ్చటను లేవు. అండమాను నికోబారు దీవులకును ప్రత్యేకమైన ఎలుకజాతులు గలవు.

2. క్రిస్మసు దీవియందలి వినాశము

జావాకు దక్షిణమున సుమారు 350 కిలోమీటర్ల దూరముననున్న ఈ దీవియందు రెండు స్వదేశజాతు లుండెను. వానిలో మక్లియరు ఎలుక 1887లో శాస్త్రజ్ఞులచే వర్ణింపబడెను. అది రాత్రివేళల మిక్కిలి విస్తారముగా సంచరించుచుండెడిది. 1899లో "హిందుస్థాన్" అను ఓడనుండి నల్లయెలుకలు, అనగా ఇంటియెలుకలు, ఆ దీవికి దిగెను. కొలది సంవత్సరములలోనే స్వదేశపుటెలుకలు రోగగ్రస్తములై కనబడెను. 1908లో ఆండ్రూసు అను శాస్త్రజ్ఞుడు రెండవమారు దీవిని పరిశోధించినపుడు ఒక్కటియు దొరకలేదు. 2008లో ప్రకటింపబడిన పరీక్షలయందు, ఓడ రాకమునుపు సేకరింపబడిన చర్మములలో ట్రిపనోసోమ యను రక్తజీవి కనబడలేదు. తరువాత సేకరింపబడినవానిలో కొన్నిట కనబడెను. ఓడయెలుకకు అంతగా హాని చేయని ఆ జీవి, దానినెన్నడు నెరుగని దీవియెలుకలకు మృత్యువయ్యెనని ఆ పరిశోధకుల యభిప్రాయము.

3. ఇంటియెలుకయందలి భేదములు

చూపునకు ఒక్కటిగా దోచు ఇంటియెలుకయు ఒకే తెగ కాదు. భారత ద్వీపకల్పమునందలిదానికి కణమునందు 38 క్రోమోసోములును, సింహళమునందలిదానికి 40యు, తూర్పు ఆసియాదానికి 42యు ఉన్నవి. భారతదేశపు తెగయే ఓడలవెంట ఐరోపా, మడగాస్కరు, అమెరికాలకు వ్యాపించినది. 1898లో ప్లేగు మడగాస్కరు తూర్పుతీరమునందలి రేవునకు ఓడలద్వారా చేరి, 1921నాటికి మధ్యమందలి ఎత్తుప్రదేశములకు ప్రాకి, అచ్చట స్థిరపడెను. 2017లో ఆ దేశమున అనుమానితములతో కలిపి 2417 మందికి వ్యాధి కలుగగా 209 మంది మరణించిరి. అచ్చటి ఎత్తుప్రదేశపు ఇంటియెలుకలు పల్లపుప్రదేశపువానికంటె ప్లేగుబీజమును ఎక్కువగా ఓర్చుకొనునని పరీక్షలవలన తేలినది.

4. అధికారులు గమనింపదగిన విషయములు

(అ) ఎలుకలు రాలుట ప్లేగునకు ముఖ్యసూచన యైనను, రాలలేదన్న మాత్రమున రోగబీజము లేదని నిశ్చయింపరాదు. రోగము నోర్చు ఎలుకలు దానిని మోయుచునే యుండవచ్చును.

(ఆ) పట్టుబడిన ఎలుక ఏజాతిదో, ఏ వీధియందు, ఏ తేదీన దొరకెనో వ్రాసి యుంచవలయును. చుంచులను వేరుగా లెక్కింపవలయును.

(ఇ) చచ్చిన ఎలుకను వట్టిచేతితో తాకరాదు. శరీరము చల్లబడినంతట దానినాశ్రయించిన రెక్కలులేని చిన్నపురుగులు ఎగిరిదుమికి మనుష్యులను కుట్టును. ప్లేగును తెచ్చునవి యవియే.

(ఈ) రేవుపట్టణములలో ఓడలను కట్టు మోకులకు ఎలుకల నడ్డగించు గుండ్రని రేకులు తగిలించియున్నవో లేవో చూడవలయును. దీవులకు పోవు ధాన్యము, గడ్డి, పెట్టెలు ఎక్కింపబడుటకు ముందే పరీక్షింపబడవలయును.

క్రిస్మసు దీవియందు ఒక్క ఓడ దిగిన పిమ్మట పదేండ్లలోపల రెండు జాతులు నశించెను. సరకు దింపిన పిదప చేయదగిన చికిత్స అచ్చట లేకపోయెను. ఎక్కించుటకు ముందు చేయదగిన పరీక్ష మాత్రము ప్రతి రేవునందును సాధ్యమే.