ఇంగ్లిష్ మీడియం: లెక్కల సార్ కూడా ఇంగ్లిష్ నేర్పాల్సిందేనా? క్లాస్‌రూమ్‌లో మారాల్సింది ఇదే!

నిజామాబాద్: సర్కారు బడిలో ఇంగ్లిష్ మీడియం వచ్చింది, పుస్తకాలూ వచ్చాయి. మరి పాఠం పిల్లలకు అర్థమవుతోందా? ఇప్పుడు అసలు ప్రశ్న ఇదే.

రాష్ట్రంలోని ప్రభుత్వ స్కూళ్లలో 2022-23 నుంచి 1 నుంచి 8 తరగతులకు ఇంగ్లిష్ మీడియం మొదలైంది. ఒక పేజీలో ఇంగ్లిష్, పక్క పేజీలో తెలుగు ఉండేలా పుస్తకాలు ఇచ్చారు. అదే ఏడాది అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీతో కలిసి టీచర్లకు ఇంగ్లిష్ ట్రైనింగ్ కూడా ఇచ్చారు. ఎందుకంటే చాలామంది టీచర్లు చదివింది తెలుగు మీడియంలోనే.

బోధన్‌లో చిక్కు ఎక్కడ?

బోధన్ మహారాష్ట్ర బార్డర్‌కు దగ్గర. ఇక్కడ తెలుగుతో పాటు ఉర్దూ, మరాఠీ, లంబాడీ మాట్లాడే ఇళ్లు ఉన్నాయి. లంబాడీ ఇంటి పిల్లకు పక్క పేజీలోని తెలుగు కూడా రెండో భాషే. ఇక ఇంగ్లిష్ మూడోది. బీడీలు చుట్టే తల్లి, గల్ఫ్‌లో ఉన్న తండ్రి ఇంట్లో పాఠం చెప్పలేని పరిస్థితి ఉంటే, ఆ పిల్లలకు టీచరే దిక్కు.

ఇంగ్లిష్ టీచర్ ఒక్కరే సరిపోరా?

సరిపోరు. ఉదాహరణకు 'వాల్యూమ్' అనగానే పిల్లలకు గుర్తొచ్చేది టీవీ సౌండ్. లెక్కల్లో అదే మాటకు అర్థం ఘనపరిమాణం. 'టేబుల్' అంటే బల్ల, ఎక్కం కూడా. ఈ తేడా చెప్పాల్సింది లెక్కల సారే. లేదంటే లెక్క వచ్చిన పిల్లాడికి కూడా ప్రశ్న అర్థం కాక మార్కులు పోతాయి.

మరి టీచర్లు ఏం చేయాలి?

* పాఠానికి ముందే ఐదారు కొత్త మాటలు బోర్డు మీద రాసి, బొమ్మతోనో వస్తువుతోనో చూపించాలి.
* తెలిసిన దాంతో మొదలుపెట్టాలి. చెరుకు రసం కాచి బెల్లం వండటం ఇక్కడి పిల్లలకు తెలిసిందే. రసంలో నీరు ఆవిరై పాకం చిక్కబడటాన్ని ముందు వాళ్ల భాషలో చెప్పించి, ఆ తర్వాత 'ఎవాపరేషన్' అనే మాట ఇవ్వాలి.
* ముందు జంటగా మాట్లాడుకోనివ్వాలి, తర్వాతే క్లాస్ ముందు చెప్పించాలి.
* జవాబు సగం తెలుగులో వచ్చినా తప్పు అనొద్దు. విషయం కరెక్టా కాదా ముందు చూడాలి.

ఇంట్లో భాష మాట్లాడితే ఇంగ్లిష్ రాదా?

ఇది చాలామందికి ఉన్న అపోహ. సొంత భాషలో విషయం తెలిస్తే, ఇంగ్లిష్‌లో నేర్చుకోవాల్సింది కొత్త మాట మాత్రమే. వీలైన చోట కనీసం 5వ తరగతి వరకు మాతృభాషలో బోధించాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా చెప్పింది.

కొన్ని రోజుల ట్రైనింగ్‌తో ఇదంతా రాదు. టీచర్ల కాంప్లెక్స్ మీటింగుల్లో ప్రతి సబ్జెక్టుకూ దీని మీద ప్రాక్టీస్ ఉండాలి. పేరెంట్స్ కూడా ఒక పని చేయొచ్చు. 'ఇంగ్లిష్‌లో మాట్లాడు' అనే బదులు 'ఇవాళ ఏం చెప్పారో మన భాషలో చెప్పు బిడ్డా' అని అడగండి. చెప్పగలిగితే పాఠం అర్థమైనట్టే. చెప్పలేకపోతే మరుసటి రోజే వెళ్లి టీచర్‌తో మాట్లాడండి.