తాలేది? గింజేది?

కోరని ఉత్తరాలను ఏరివేయడానికి కంప్యూటరు నిపుణులు దాదాపు అర్ధశతాబ్దంగా జల్లెడలు పడుతున్నారు. చెత్తను పట్టుకోవడం ఒక ఎత్తు. చెత్తతో పాటు మిత్రుని ఛలోక్తి కొట్టుకుపోకుండా కాపాడడం మరొక ఎత్తు.

1978 మే నెల మొదటి వారంలో అమెరికా పశ్చిమతీరాన విశ్వవిద్యాలయాలలోను, పరిశోధనాగారాలలోను పనిచేస్తున్న సుమారు 400 మందికి ఒకే ఉత్తరం అందింది. అది కాగితం మీద రాలేదు. అమెరికా రక్షణశాఖ ఆధ్వర్యాన వెలసిన ‘ఆర్పానెట్’ అనే కంప్యూటర్ల వలయం గుండా వచ్చింది. పంపినవాడు డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో అమ్మకాల వ్యవహారం చూసే గేరీ థ్యూర్క్. తమ సంస్థ తయారుచేసిన కొత్త కంప్యూటర్లను లాస్ ఏంజిలిస్‌లోను, శాన్ మేటియోలోను ప్రదర్శిస్తున్నామనీ, అందరూ వచ్చి చూడవలసిందనీ అందులోని సారాంశం.

చిరునామాలను ఒక అచ్చు పుస్తకంలోంచి ఏరి, సహోద్యోగి చేత ఒక్కొక్కటిగా టైపు చేయించారు. చిరునామాలకు కేటాయించిన చోటులో అన్నీ పట్టలేదు. మిగిలినవి ఉత్తరంలోకే పొంగి పొర్లాయి. దాంతో చాలామందికి ముందుగా కనిపించింది ఆహ్వానం కాదు, చాంతాడంత పేర్ల పట్టిక! ప్రభుత్వ వలయాన్ని వ్యాపారానికి వాడుకోవడం నిబంధనలకు విరుద్ధమని రక్షణశాఖ అధికారి తీవ్రంగా ఆక్షేపించారు. ఆ వలయంలోని నిపుణుల మధ్య మాత్రం వాదోపవాదాలు రేగాయి. కొత్త యంత్రం సంగతి తెలియజేస్తే తప్పేమిటని కొందరన్నారు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పనిచేస్తున్న రిచర్డ్ స్టాల్‌మన్ మొదట ఆ పక్షమే వహించాడు. అప్పటికి అతడా ఉత్తరం చూడలేదు. చూసిన తరువాత, ఇంత పొడుగు పేర్ల పట్టిక తగిలించి ఉత్తరం రాసే హక్కు ఎవరికీ ఉండరాదని మాట మార్చాడు!

ఆ ఒక్క ఉత్తరం వలన కోటీ ముప్పై లక్షల డాలర్ల అమ్మకాలు జరిగాయని థ్యూర్క్ అనంతర కాలంలో చెప్పుకున్నారు. తపాలా బిళ్ళ ఖర్చు లేదు, కాగితం ఖర్చు లేదు. పంపేవాడికి లాభం, భారమంతా అందుకొనేవాడికి. ఈ సమస్యకు మూలం ఈ లెక్కలోనే ఉంది.

పాదరసం తెచ్చిన తంటా

ఆ రోజులలో కంప్యూటరు వలయాలలో శాస్త్రచర్చలతో పాటు పరాచికాలూ సాగుతుండేవి. ఎదురుగా ఉన్న మనిషి నవ్వుతూ అన్న మాటకూ, కనుబొమలు ముడిచి అన్న మాటకూ భేదం ముఖమే చెబుతుంది. తెర మీది అక్షరానికి ముఖం లేదు. ఈ చిక్కు 1982 సెప్టెంబరులో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో బయటపడింది.

అక్కడి కంప్యూటరు విభాగం వారు తమ విద్యుత్ ప్రకటనల పలక మీద ఒక సరదా చర్చ ప్రారంభించారు. తాడు తెగి లిఫ్టు కిందికి పడిపోతుంటే, అందులోని కొవ్వొత్తి మంట ఏమవుతుంది? పాదరసపు బొట్టు ఏమవుతుంది? ఊహలు సాగుతుండగా ఒక చమత్కారి హెచ్చరిక ప్రకటించాడు: భౌతికశాస్త్ర ప్రయోగం కారణంగా ఎడమవైపు లిఫ్టులో పాదరసం ఒలికిందట, కొద్దిగా నిప్పు కూడా అంటుకుందట! ముందు చర్చ చదవనివారు ఇది నిజమని నమ్మారు. అది హాస్యమని తేల్చి చెప్పవలసి వచ్చింది.

హాస్యానికి ఏదైనా గుర్తు ఉండాలన్న మాట అప్పుడే పుట్టింది. తలా ఒక గుర్తు సూచించారు. సెప్టెంబరు 19న స్కాట్ ఫాల్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు రెండు చుక్కలు, ఒక అడ్డగీత, ఒక కుండలీకరణం వరుసగా పేర్చి, తల పక్కకు వంచి చూడమన్నాడు. నవ్వుముఖం కనిపించింది :-) నేడు ప్రతి చేతిఫోనులోను కనిపించే నవ్వుబొమ్మలకు ఇది పూర్వరూపం. మేధావుల మధ్యనే ఒకరి పరిహాసం మరొకరికి ప్రమాద సూచనగా తోచిందంటే, ఇక యంత్రం మాట చెప్పాలా?

డబ్బామాంసం నుంచి చెత్త ఉత్తరం దాకా

‘స్పామ్’ అనేది 1937లో అమెరికాలోని హార్మెల్ సంస్థ అమ్మకానికి పెట్టిన డబ్బా పందిమాంసం పేరు. యుద్ధకాలంలో మాంసానికి రేషను విధించిన బ్రిటన్‌లో ఈ డబ్బాలు విరివిగా వాడుకలోకి వచ్చాయి. 1970లో బి.బి.సి. టెలివిజన్‌లో ‘మాంటీ పైథాన్’ హాస్యబృందం ఒక ప్రహసనం ప్రదర్శించింది. అందులోని భోజనశాలలో ఏ వంటకం అడిగినా స్పామ్ కలిసే ఉంటుంది. పక్క బల్లల దగ్గర కూర్చున్న వైకింగులు ఆ పేరునే పాటగా అందుకొని, ఇతరుల సంభాషణ వినిపించకుండా హోరెత్తిస్తారు. కంప్యూటరు వలయాలలో ఆటలాడుకొనే కుర్రకారు, ఒకే మాటను పదేపదే పంపి తెరను ముంచెత్తే ఆకతాయి పనికి ఆ పేరు పెట్టారు. ఈ లెక్కన అందరికీ పనికివచ్చే మంచి ఉత్తరం ‘హామ్’ అయింది. అంటే అసలు మాంసమన్నమాట!

ఈ పేరు స్థిరపడడానికి తోడ్పడిన ఉదంతం విచిత్రమైనది. ‘యూజ్‌నెట్’ చర్చావేదికలలో అనామకంగా వచ్చే రాతలను వెనువెంటనే తొలగించాలని రిచర్డ్ డెప్యూ అనే సభ్యుడు ఒక ప్రోగ్రాము రాశాడు. 1993 మార్చి 31న దానిని నడిపించగా అందులోని దోషం వలన, తొలగించవలసిన ప్రోగ్రామే ఒకే వేదికలో దాదాపు 200 సందేశాలను వరసగా గుప్పించింది. కంచే చేను మేసిన ఈ వైనానికి సభ్యులు నవ్వుకొని, దానిని ‘స్పామ్’ అన్నారు. డెప్యూ క్షమాపణ చెప్పుకున్నాడు. జల్లెడ పట్టబోయినవాడే చెత్త పోసినవాడుగా పేరు మోశాడు.

మరుసటి ఏడు పరిహాసం కాస్తా వ్యాపారమైంది. 1994 ఏప్రిల్ 12న ఆరిజోనా రాష్ట్రంలోని కాంటర్, సీగెల్ అనే న్యాయవాద దంపతులు అమెరికాలో శాశ్వత నివాసానికి జరిగే ‘గ్రీన్‌కార్డు’ లాటరీ గురించి తమ ప్రకటనను వేలాది యూజ్‌నెట్ వేదికలలో ఒకేసారి వెదజల్లారు. విషయంతో నిమిత్తం లేకుండా అన్నింటా అదే. ఆగ్రహించిన పాఠకుల ఫిర్యాదుల బరువుకు వారికి సదుపాయం కల్పించిన సంస్థ యంత్రాలు కుప్పకూలాయి. ఆ దంపతులు పశ్చాత్తాపపడలేదు సరికదా, ఈ మార్గంలో ధనార్జన ఎలాగో పుస్తకం రాశారు.

మాటను చూసి మనిషిని నిర్ణయిస్తే

తొలి జల్లెడలు మొరటువి. నిషిద్ధపదాల పట్టిక ఒకటి ఉంటుంది. వాటిలో ఏది కనిపించినా ఉత్తరం బుట్టదాఖలే. 1996లో ఇంగ్లండ్‌లోని స్కంథోర్ప్ అనే ఊరివారు అమెరికా ఆన్‌లైన్ సంస్థలో ఖాతాలు తెరవలేకపోయారు. కారణమేమంటే, ఇంగ్లీషు లిపిలో ఆ ఊరిపేరు నడుమ ఒక బూతుమాట అక్షరాలు వరుసగా ఉన్నాయి. పుట్టిన ఊరే వారి నేరమైంది!

మరికొందరు పంపేవారి చిరునామాల మీద దృష్టి నిలిపారు. చెత్త పంపే యంత్రాల జాబితాను 1997లో పాల్ విక్సీ బృందం ప్రచారంలోకి తెచ్చింది. ఆ తరువాత 2001లో జస్టిన్ మేసన్ రూపొందించిన ‘స్పామ్ అసాసిన్’ మరొక పద్ధతి చేపట్టింది. ఒక్క లక్షణాన్ని బట్టి శిక్ష వేయక, అనుమానాస్పదమైన ప్రతి లక్షణానికీ కొన్ని పాయింట్లు వేస్తుంది. మామూలుగా మొత్తం 5కు చేరితే అది చెత్త. ఇది న్యాయంగానే తోస్తుంది. కాని నియమం రాసినవాని ముందుచూపు ఎంతో, యంత్రం తెలివీ అంతే. 2010 జనవరి 1న ఈ జల్లెడ వాడుతున్నవారికి ఒక వింత ఎదురైంది. ‘సుదూర భవిష్యత్తు తేదీ వేసిన ఉత్తరం అనుమానాస్పదం’ అని ఒక పాత నియమం ఉంది. ఏనాడో రాసిన ఆ నియమం దృష్టిలో 2010 సుదూర భవిష్యత్తే! ఆ రోజు నుంచి రాసిన ప్రతి నిజాయితీ ఉత్తరానికీ అకారణంగా పాయింట్లు పడ్డాయి. నిపుణులు వెంటనే సవరించుకోవలసి వచ్చింది.

ఇందులో మరొక వినోదం ఉంది. చెత్త ఉత్తరాలను గురించి చర్చించుకొనేవారు ఉదాహరణకు ఒకటి రెండు వాక్యాలు ఎత్తి రాస్తే, ఆ చర్చ ఉత్తరమే జల్లెడలో చిక్కుకుంటుంది. దొంగ గుర్తులు పోలీసులకు చెప్పబోయినవాడినే దొంగగా పట్టుకున్నట్లు!

పూజ్య బేస్ గారి సూత్రం

ఈ చిక్కుకు దారి చూపినది 18వ శతాబ్దపు ఆంగ్ల మతగురువు థామస్ బేస్. ఆయన మరణానంతరం 1763లో ప్రచురితమైన వ్యాసంలోని భావం ఇది: ఒక కార్యం కనిపించినపుడు దాని వెనుక ఫలానా కారణం ఉండే అవకాశమెంతో, గతానుభవాన్ని బట్టి లెక్కకట్టవచ్చు. 1998లో అమెరికా పరిశోధకులు దీనిని చెత్త ఉత్తరాలకు అన్వయించారు. 2002 ఆగస్టులో పాల్ గ్రేహమ్ అనే ప్రోగ్రామర్ రాసిన వ్యాసం దానికి విశేష ప్రచారం కల్పించింది.

గ్రేహమ్ పద్ధతి సులువైనది. మంచివి 4,000, చెత్తవి 4,000 ఉత్తరాలు వేరువేరుగా కుప్ప పోశాడు. ప్రతి మాటా ఏ కుప్పలో ఎన్నిసార్లు వచ్చిందో యంత్రం చేత లెక్క వేయించాడు. కొత్త ఉత్తరం రాగానే అందులో మిక్కిలి సాక్ష్యబలం గల 15 మాటలను తీసుకొని, మొత్తం మీద అది చెత్త అయ్యే అవకాశాన్ని గణించాడు. మనిషి ఊహించని సాక్షులు యంత్రానికి దొరికారు. ఎర్రరంగు అక్షరాలను సూచించే సాంకేతిక సంకేతం, బూతుమాటతో సమానంగా నేరాన్ని పట్టిచ్చింది! తన పరీక్షలో వెయ్యి చెత్త ఉత్తరాలలో 5 కన్న తక్కువే తప్పించుకున్నాయనీ, మంచిది ఒక్కటీ పట్టుబడలేదనీ ఆయన ప్రకటించాడు. మంచి ఉత్తరం బలికాకూడదని, మంచి కుప్పలోని లెక్కలను రెట్టింపు చేయడం అందులోని కిటుకు.

అంతకన్న ఆసక్తికరమైన సంగతి మరొకటి. గ్రేహమ్ ‘లిస్ప్’ అనే కంప్యూటరు భాషకు అభిమాని. ఆయన మిత్రుల ఉత్తరాలలో ఆ మాట తరచు వస్తుంది, చెత్తలో రాదు. అందుచేత ఆ మాట ఒక రహస్య సంకేతంలా ద్వారం తెరిచింది. ఒక బృందంలోని వారు పెట్టుకున్న ముద్దుపేర్లు, తమలో తమకే అర్థమయ్యే ఛలోక్తులు, వృత్తి పదాలు ఇలాంటివే. పనికిమాలిన కబుర్లని పెద్దలు విసుక్కొనే ఆ మాటలే, ఈ ఉత్తరం మనవారిదని యంత్రానికి పూచీ ఇస్తాయి. దూరాన ఉన్న ప్రకటనకర్తకు ఆ సంభాషణ అందదు. స్నేహాన్ని అనుకరించడం సరుకును పొగిడినంత తేలిక కాదు.

శత్రువులూ ఊరుకోలేదు. అక్షరాల మధ్య ఖాళీలు పెట్టారు. చూపుకు ఒకటిగా ఉండే పరాయి లిపుల అక్షరాలు చొప్పించారు. మాటలను బొమ్మలుగా మార్చారు. నిర్దోషమైన వాక్యాలను కంటికి కనిపించని తెల్లరంగులో కలిపారు. ప్రతి ఎత్తుకూ జల్లెడ పైఎత్తు వేయవలసి వచ్చింది. నేడు కృత్రిమ మేధ ఇరుపక్షాలకూ ఆయుధమే.

అయినా చివరి తీర్పు మనిషికే వదిలిన చోట్లు ఉన్నాయి. ‘స్టాక్ ఎక్స్‌ఛేంజ్’ ప్రశ్నోత్తర వేదికలలో ‘ఛార్కోల్’ అనే స్వచ్ఛంద బృందం ‘స్మోక్ డిటెక్టర్’ పేరుతో ఒక యంత్రసేవకుణ్ణి నడుపుతున్నది. అనుమానం కలిగిన రాతను అది సభ్యులు కబుర్లు చెప్పుకొనే గదిలోకి తెచ్చి చూపుతుంది. వారు కబుర్లు ఆపి చూసి, పొగ నిజమో కాదో తేల్చి చెబుతారు. ఆ తీర్పులు యంత్రానికి పాఠాలవుతాయి.

మన వాకిట

మన దేశంలో ఈ బెడద ఈమెయిలు కన్న చేతిఫోనులోనే మిక్కుటం. టెలికాం నియంత్రణ సంస్థ ‘ట్రాయ్’ 2018లో కొత్త నిబంధనలు జారీ చేసింది. వాటి ప్రకారం వ్యాపార సందేశాలు పంపే సంస్థలు తమ పేర్లను, సందేశాల నమూనాలను ముందుగా నమోదు చేసుకోవాలి. ప్రకటనలు వద్దనుకొనే వినియోగదారుడు 1909కు తెలియజేయవచ్చు.

తెలుగు సందేశం జల్లెడకు అదనపు పరీక్ష పెడుతుంది. ఇంగ్లీషులో ఒక మాట చాలావరకు ఒకే రూపంలో ఉంటుంది. తెలుగులో ‘బహుమతి’ ఒకచోట బహుమతిని, మరొకచోట బహుమతికి, ఇంకొకచోట బహుమతులతో అవుతుంది. మాటలను పైపైన లెక్కించే యంత్రానికి ఇవన్నీ వేరువేరు పదాలే. పైగా మనవారు తెలుగును ఇంగ్లీషు అక్షరాలలో రాసేటపుడు ఎవరి వర్ణక్రమం వారిదే. మిత్రుడు ‘నీకు లాటరీ తగిలిందిరా’ అని వేళాకోళం చేసినా, మోసగాడు అదే కబురు పంపినా, మాటలు ఒకటే. భేదం సంబంధంలో ఉంది.

1978 నాటి ఉత్తరం సరుకు అమ్మజూపింది. నేటి ఉత్తరం బ్యాంకు పేరు చెప్పి ఖాతా ఊడ్చుకుపోతుంది. అందుచేత జల్లెడ కన్నాలు చిన్నవి కావాలనడం సహజం. కాని జారిపడిన ఒక చెత్త ఉత్తరం మెలకువ గలవానికి క్షణకాలపు విసుగు మాత్రమే. ఆగిపోయిన ఒక మంచి ఉత్తరం ఉద్యోగానికి పిలుపు కావచ్చు, ఆసుపత్రి నివేదిక కావచ్చు, చాలాకాలానికి పలకరించిన నేస్తం కావచ్చు. పైగా ఆగిన ఉత్తరం తాను ఆగినట్లు చెప్పదు. పంపినవాడు జవాబు రాలేదని నొచ్చుకుంటాడు. అందవలసినవాడికి ఆ సంగతే తెలియదు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోరాదన్న పెద్దల మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

అందుకే అనుభవజ్ఞులు చెత్తబుట్టను కూడా అప్పుడప్పుడు తిరగవేసి చూస్తారు. చేట చేతబట్టిన ఇల్లాలు తాలు చెరిగి పారబోసే ముందు అందులో గింజలేమైనా పడ్డాయేమోనని మరొకసారి చేత్తో కలియబెడుతుంది. యంత్రం ఎంత నేర్చినా, ఆ చివరి కలియబెట్టడం మనిషి చేయవలసిన పనిగానే మిగిలి ఉంది.