ఇల్లు చేరిన బాటసారి

దూరదేశము వెళ్లడం కష్టమని మనమందరము ఎరుగుదుము. తిరిగి రావడము కూడా కష్టమేనని మనలో ఎందరము ఆలోచించాము?

జర్మనీలో హోవెల్‌హోఫ్ అనే చిన్న ఊరు ఉన్నది. ఆ ఊరివారైన హైన్జ్ ష్టూకే ఫ్యాక్టరీ పని వదలి 1962లో, తన 22వ యేట, మూడు గేర్ల సైకిలు మీద లోకము చూడ బయలుదేరారు. గుడారములో పడుకొంటూ, తన ప్రయాణ కథను చిన్న పుస్తకాలుగా అమ్ముకొంటూ 6 లక్షల కిలోమీటర్లకు పైగా తిరిగారు. 2006లో ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్‌లో ఆ సైకిలును దొంగలు ఎత్తుకుపోగా, అదృష్టవశాత్తు మరల దొరికింది.

2014లో ఆయన స్వంత ఊరు చేరారు. అప్పటికి 74 ఏళ్లు. ఆయన వెళ్లిననాడు జర్మనీ రెండు దేశాలు. వచ్చేసరికి ఒకే దేశము. జేబులో పెట్టుకొని వెళ్లిన మార్కు పోయి యూరో వచ్చింది. ఊరు మారింది, ఆయనా మారారు.

మన పల్లెలకు గల్ఫు నుండి బిడ్డలు తిరిగి వస్తారు. "ఏమి తెచ్చావు? మళ్లీ ఎప్పుడు వెళతావు?" అని ముందుగా అడుగుతాము. మౌనముగా ఉంటే గర్వమనుకొంటాము. కాని అతడు వెళ్లేనాటికి ఉయ్యాలలో ఉన్న పాప నేడు తండ్రిని చూచి తల్లి చాటుకు పోతున్నది. ఆ బాధ ఎవరితో చెప్పుకొంటాడు?

పెట్టె తెరవకముందే అతనితో అరుగు మీద కూర్చుందాము. "అక్కడ ఎట్లా గడిచింది, నాయనా?" అని అడిగి, అతడు చెప్పినంతసేపు విందాము. అప్పుడే అతడు నిజముగా ఇల్లు చేరినట్లు.