ప్రజాక్షేత్ర భావన – బాపట్ల ప్రాంత అనుభవం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
సమకాలీన ఐరోపా ప్రజాజీవనంపై జరిగే సామాజిక, రాజకీయ పరిశోధనకు ‘ప్రజాక్షేత్రం’ మూలభావనల్లో ఒకటి. ఈ భావన చర్చకు ప్రాధాన్యమిస్తుంది. చర్చాస్థలంలోకి అడుగుపెట్టే హక్కు అందరికీ ఉన్నట్లే భావించి ముందుకు సాగుతుంది. చెరుకుపల్లి చుట్టూ ఉన్న తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల చరిత్రలో ఆ ప్రవేశమే వివాదమైంది. తెలుగు ప్రాంత పరిశోధకులు ఈ భావనను ఏ విధంగా సవరించుకొని వినియోగించాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ప్రజాక్షేత్రం, బహిరంగ స్థలం, గ్రంథాలయోద్యమం, కారంచేడు, చుండూరు, ప్రత్యామ్నాయ ప్రజాక్షేత్రం.

1. ఉపోద్ఘాతం:
జర్మన్ తత్త్వవేత్త యూర్గెన్ హాబర్‌మాస్ 1962లో ప్రచురించిన గ్రంథంలో ప్రజాక్షేత్ర భావనను ప్రతిపాదించాడు. 18వ శతాబ్దపు ఇంగ్లండు కాఫీశాలలు, ఫ్రాన్సు గోష్ఠిశాలలు, పత్రికలు ఆయనకు ఆధారాలు. అక్కడ వ్యక్తి హోదాను పక్కనపెట్టి, వాదబలాన్ని మాత్రమే పరిగణించే ఆదర్శం ఏర్పడిందని ఆయన వాదం. ఆ సమూహంలో పాల్గొనడానికి ఆస్తి, విద్య అవసరమయ్యాయని కూడా ఆయన గుర్తించాడు. ఈ గ్రంథం 1989లో ఆంగ్లంలోకి వచ్చింది. ఆ మరుసటి ఏడు నాన్సీ ఫ్రేజర్ దానిపై ముఖ్యమైన విమర్శ చేసింది. హోదాను పక్కనపెట్టినట్లు నటించినంత మాత్రాన అసమానత తొలగిపోదని, అణగారిన వర్గాలు తమవైన ప్రత్యామ్నాయ ప్రజాక్షేత్రాలను నిర్మించుకుంటాయని ఆమె నిరూపించింది.

2. డెల్టాలో ప్రజాక్షేత్ర నిర్మాణం:
హాబర్‌మాస్ వర్ణించిన సంస్థల వంటివి కృష్ణా డెల్టాలోనూ కనిపిస్తాయి. మొదటి ఆంధ్ర మహాసభ 1913లో బాపట్లలోనే జరిగింది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో ప్రారంభమైంది. తెనాలి హేతువాద, మానవవాద చర్చలకు కేంద్రమైంది. త్రిపురనేని రామస్వామి చౌదరి అక్కడి సూతాశ్రమం నుంచే తన వాదాలను వినిపించాడు. చెరుకుపల్లి మండలంలోని కావూరు, వినయాశ్రమం మూలంగా గాంధేయ కార్యక్రమాలకు నెలవైంది. ‘మహాత్మకథ’ రచించిన తుమ్మల సీతారామమూర్తి జన్మస్థలమూ అదే. సభ, గ్రంథాలయం, ఆశ్రమం అనే ఈ మూడూ ఈ ప్రాంతపు ప్రజాక్షేత్రానికి ఆధారాలయ్యాయి.

అయితే గ్రంథాలయం అక్షరం వచ్చినవారికి ఉపకరిస్తుంది. సభలో మాట్లాడడానికి సమాజం ఆమోదించిన స్థాయి కావాలి. కనుక సంస్థల సంఖ్యను బట్టి మాత్రమే ప్రజాక్షేత్ర విస్తృతిని అంచనా వేయడం సమంజసం కాదు.

3. ప్రవేశమే వివాదమైన చోట:
భారత రాజ్యాంగం 15(2) అధికరణ దుకాణాలు, వినోద స్థలాలు, బావులు, చెరువులు, రహదారులు మొదలైనవాటిని పేర్కొని, వాటి వినియోగంలో కులం మొదలైన కారణాలతో ఎవరికీ ఆంక్ష ఉండరాదని నిర్దేశించింది. ఐరోపా సిద్ధాంతం ఊహగా స్వీకరించిన విషయాన్ని ఇక్కడ రాజ్యాంగం విడిగా, జాబితాగా చెప్పవలసి వచ్చింది. అందుకు కారణం తరువాతి ఘటనల్లో స్పష్టమవుతుంది.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులు హత్యకు గురయ్యారు. తాగునీటి చెరువును మలినం చేయడాన్ని దళితులు ఆక్షేపించడం ఆ వివాదానికి నాంది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులు హతులయ్యారు. అక్కడి ఉద్రిక్తతకు సినిమాహాలులో ఒక దళిత యువకుని కాలు అగ్రకులస్థునికి తగలడం మూలం. దాని వెంట సాంఘిక బహిష్కారం వచ్చింది. చెరువు, వినోదస్థలం రెండూ 15(2) అధికరణ పేర్కొన్నవే. ఈ రెండు గ్రామాలూ 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోనివే.

4. శిబిరం, న్యాయస్థానం:
ఊరు విడిచిన కారంచేడు బాధితులు చీరాలలోనూ, చుండూరు బాధితులు తెనాలిలోనూ శిబిరాల్లో ఉన్నారు. ఈ శిబిరాలు ఆశ్రయస్థలాలుగానే మిగలలేదు. అక్కడ సభలు జరిగాయి, డిమాండ్లు రూపొందాయి. కారంచేడు ఘటన అనంతరం చీరాలలో కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటి నాయకులతో దళిత మహాసభ ఆవిర్భవించింది. 1995లో వెలువడిన దళిత కవితా సంకలనం ‘చిక్కనవుతున్న పాట’ ఈ కొత్త చైతన్యానికి సాహిత్య రూపం. ఫ్రేజర్ చెప్పిన ప్రత్యామ్నాయ ప్రజాక్షేత్రానికి ఇవి స్పష్టమైన ఉదాహరణలు.

చుండూరు కేసు విచారణకు ప్రత్యేక న్యాయస్థానాన్ని ఆ గ్రామంలోనే ఏర్పాటు చేశారు. సాక్షులకు న్యాయస్థానం చేరువైంది. 2007 జూలై 31న ఆ న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ, 35 మందికి ఏడాది శిక్ష విధించింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు శిక్షితులందరినీ నిర్దోషులుగా ప్రకటించింది. న్యాయవేదిక చేరువైనంతనే న్యాయఫలం స్థిరపడదని ఈ పరిణామం తెలుపుతుంది.

5. ఐరోపాలో ప్రవేశ ప్రశ్న:
ఐరోపాలోనూ ప్రవేశ ప్రశ్న ముగిసిపోలేదు. ఫ్రాన్సు 2010లో బహిరంగ స్థలాల్లో ముఖాన్ని కప్పుకోవడాన్ని నిషేధించింది. ‘కలిసి జీవించడం’ అనే ఆశయం పేరుతో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2014 జూలై 1న ఆ చట్టాన్ని సమర్థించింది. ఇది కులహింసతో పోల్చదగినది కాదు. కాని బహిరంగ స్థలంలో ఎవరు, ఏ రూపంలో కనిపించవచ్చునో ఎవరు నిర్ణయిస్తారన్న ప్రశ్న రెండు చోట్లా ఉంది.

6. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. తెలుగు ప్రాంత ప్రజాక్షేత్ర పరిశోధన చర్చల విశ్లేషణకు ముందు చెరువు, వీధి, సినిమాహాలు వంటి స్థలాల వినియోగ చరిత్రను నమోదు చేయాలి.
2. ఆంధ్ర మహాసభ, గ్రంథాలయోద్యమాలతో సమానంగా బాధితుల శిబిరాలను, కరపత్రాలను, సభలను ప్రాథమిక ఆధారాలుగా స్వీకరించాలి.
3. ఐరోపా సిద్ధాంతాలను కొలమానాలుగా కాక ప్రశ్నలుగా గ్రహించాలి. అప్పుడు చెరుకుపల్లి పరిసర గ్రామాల అనుభవం ఆ సిద్ధాంతాలకు ఉదాహరణగా మిగిలిపోక, వాటిని సరిదిద్దే ఆధారమవుతుంది.