కనిపెట్టుకుని ఉండే కళ్లు!

మానసిక వైద్యశాలలో నర్సు చేతిలో ఒకప్పుడు తాళాల గుత్తి. తర్వాత టార్చిలైటు. ఇప్పుడు ట్యాబ్‌! మరి రోగికి నిశ్చింత పెరిగిందా... భయమా?

మానసిక రోగుల వార్డులో రాత్రి డ్యూటీ అంటే కత్తి మీద సామే. ఆత్మహత్య ఆలోచనలున్నవారిని ఓ కంట కనిపెడుతూనే ఉండాలి. ఇంగ్లండ్‌లోనైతే ప్రమాదాన్నిబట్టి పావుగంటకో, అరగంటకో, గంటకో గదిలోకి తొంగిచూసి ఊపిరి ఆడుతోందో లేదో గమనిస్తారు. అడుగుల చప్పుడుకో, టార్చి వెలుతురుకో రోగికి మెలకువ వచ్చేస్తుంది. అసలే నిద్రలేమితో నలిగేవారికి అదో నరకం!

ముట్టుకోకుండానే నాడి
ఈ ఇబ్బందికి విరుగుడుగా అక్కడి కొన్ని ఆసుపత్రుల్లోకి వచ్చిందే ‘ఆక్సీవిజన్‌’. ఆక్స్‌ఫర్డ్‌ విశ్వవిద్యాలయ పరిశోధనల్లోంచి 2012లో పుట్టిన సంస్థ దాన్ని తయారుచేసింది. గోడకు బిగించిన పెట్టెలో చీకట్లోనూ చూడగల పరారుణ కెమెరా ఉంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం రంగులో వచ్చే, మన కంటికి ఆనని తేడాను పసిగట్టి నాడి లెక్కిస్తుంది. ఛాతీ కదలికలనుబట్టి శ్వాస లెక్క చెబుతుంది. రోగిని లేపాల్సిన పనిలేదు.

‘ఎవరో చూస్తున్నారు’
బాగానే ఉంది కానీ... ‘నన్నెవరో గమనిస్తున్నారు’ అన్న భయంతోనే ఆసుపత్రిలో చేరిన మనిషి గదిలో నిజంగానే కెమెరా ఉంటే? జబ్బు తగ్గుతుందా, ముదురుతుందా? రోగులూ హక్కుల కార్యకర్తలూ ఇదే ప్రశ్నతో నిరసనకు దిగారు. దాంతో ఇంగ్లండ్‌ ప్రభుత్వ వైద్య విభాగం 2025లో మార్గదర్శక సూత్రాలు ప్రకటించింది. రోగి సమ్మతికీ గోప్యతకూ వాటిలో పెద్దపీట వేసింది.

గొలుసుల నుంచి ఫోను దాకా
మన దేశానిది మరో కథ. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఓ ఆశ్రమం తగలబడి 28 మంది మానసిక రోగులు సజీవ దహనమయ్యారు. గొలుసులతో కట్టేసి ఉండటంతో పారిపోలేకపోయారు! 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను పూర్తిగా నిషేధించింది. తనకో ఇతరులకో తక్షణం హాని జరుగుతుందన్నప్పుడు, వేరే దారి లేకుంటేనే రోగిని కట్టడి చేయాలి. సిబ్బంది చాలడం లేదన్న సాకు పనికిరాదు. ఆ సంగతి 24 గంటల్లోగా రోగి నియమించుకున్న ప్రతినిధికి చెప్పాలి.

2022 అక్టోబరు 10న మొదలైన ‘టెలీ మానస్‌’ మరో ముందడుగు. 14416కి ఏ వేళ ఫోన్‌ చేసినా ఉచితమే, తెలుగులోనూ మాట్లాడొచ్చు. శిక్షణ పొందిన సలహాదారు మొదట వింటారు. అవసరమైతే మానసిక వైద్య నర్సులూ నిపుణులూ అందుకుంటారు. ‘పిచ్చాసుపత్రికి వెళ్లాడట’ అన్న మాట పడాల్సివస్తుందని గుట్టుగా కుమిలిపోయే కుటుంబాలకు అదెంత ఊరటో!

నర్సుకూ రోగికీ మధ్య ఏర్పడే అనుబంధమే చికిత్సలో కీలకమని అమెరికా నర్సు హిల్డెగార్డ్‌ పెప్లావ్‌ 1952లోనే పుస్తకం రాశారు. కెమెరా ఊపిరి లెక్కించగలదు. ఆ ఊపిరి ఎందుకు బరువెక్కిందో అడగాల్సింది మాత్రం పక్కన కూర్చున్న మనిషే. నర్సుకు ఆ తీరిక మిగిల్చే యంత్రమైతే... రెండు చేతులా ఆహ్వానించాల్సిందే!