స్కూబా నేర్చుకోవాలనుకునేవారికి: నీటిలో దిగేముందు తెలుసుకోవలసిన సంగతులు



ఒకప్పుడు సెలవులంటే మన ప్రాంతం వారికి పాపికొండల లాంచీ ప్రయాణమో, విశాఖ సముద్రపు ఒడ్డో గుర్తుకు వచ్చేది. ఇప్పుడు మన ఇళ్లలో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు అండమాన్ వెళ్లి, అక్కడ నాలుగు రోజులుండి స్కూబా డైవింగ్ సర్టిఫికెట్ తెచ్చుకుంటామంటున్నారు. మంచి కోరికే. చిన్నప్పటి నుంచి కాలువలో ఈదిన మనవాళ్లకు నీరంటే భయం తక్కువ. కాని నీటి మీద ఈదడం వేరు, నీటి అడుగున ఊపిరి తీసుకోవడం వేరు. రెండోదానికి ధైర్యం కన్నా ముందు ఆరోగ్యం కావాలి. ఆ ఆరోగ్యం గురించి నిజం చెప్పే మనసూ కావాలి.

కోర్సులో ఏముంటుంది?

విశాఖపట్నం దగ్గర రుషికొండలోనూ, అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లోనూ (2018 వరకు దీని పేరు హేవ్‌లాక్) స్కూబా నేర్పేవారున్నారు. ఇందులో రెండు రకాలున్నాయి. మొదటిది ఒక పూట సరదా. శిక్షకుడు మనల్ని పట్టుకుని కొద్ది లోతుకు తీసుకువెళ్లి చూపించి తెస్తాడు. దానితో సర్టిఫికెట్ రాదు. రెండోది అసలు కోర్సు. 1966లో అమెరికాలో మొదలైన పీఏడీఐ సంస్థ ఇచ్చే 'ఓపెన్ వాటర్ డైవర్' సర్టిఫికెట్ అందరికీ తెలిసినది. దీనికి మామూలుగా మూడు, నాలుగు రోజులు పడుతుంది. ముందు పాఠం, పరీక్ష ఉంటాయి. తరువాత లోతు తక్కువ నీటిలో సాధన. ఆ తరువాత సముద్రంలో నాలుగుసార్లు దిగాలి. 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, 10 నిమిషాలు నీటి మీద తేలి ఉండాలి. పదేళ్లు నిండిన పిల్లలు కూడా చేరవచ్చు. కోర్సు పూర్తయిన పెద్దవారు 18 మీటర్ల లోతు వరకు, అంటే దాదాపు 60 అడుగుల వరకు, మరొకరి తోడుతో దిగవచ్చు.

ఊపిరి బిగపట్టరాదు

వీపు మీది సిలిండరులో ఉండేది వట్టి ప్రాణవాయువు అని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. మామూలుగా అందులో ఉండేది మనం పీల్చే గాలే. దానినే శుభ్రం చేసి గట్టిగా ఒత్తి నింపుతారు. 10 మీటర్ల లోతుకు వెళ్లేసరికి మన మీద ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపవుతుంది. 20 మీటర్ల దగ్గర మూడింతలు. ఆ ఒత్తిడికి తగినట్టుగానే సిలిండరు గాలిని అందిస్తుంది.

10 మీటర్ల లోతున నిండుగా ఊపిరి పీల్చి, దానిని బిగపట్టి పైకి వస్తే ఆ గాలి రెట్టింపుగా ఉబ్బుతుంది. ఊపిరితిత్తులు అంత సాగలేవు, చిరుగుతాయి. గాలి బుడగ రక్తంలో చేరి మెదడుకు వెళితే ప్రాణానికే ప్రమాదం. ఒకటి రెండు మీటర్ల లోతు నుంచి వచ్చేటప్పుడు కూడా ఇది జరగవచ్చు. అందుకే కోర్సులో మొదట నేర్పే నియమం ఇది: ఎప్పుడూ ఊపిరి బిగపట్టకండి. కాలువలో మునిగేటప్పుడు మనకు అలవాటైనది దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఈత బాగా వచ్చినవారు మరింత జాగ్రత్తగా ఉండవలసినది ఇక్కడే.

కాకినాడకు తన దేహాన్ని ఇచ్చిన శాస్త్రవేత్త

గాలిలోని నత్రజని ఒత్తిడి వల్ల లోతులో మన రక్తంలోనూ కండరాల్లోనూ కరుగుతుంది. నిదానంగా పైకి వస్తే ఊపిరి ద్వారా బయటకు పోతుంది. తొందరపడితే సోడా సీసా మూత తీసినట్టు శరీరంలోనే బుడగలు కడుతుంది. కీళ్లనొప్పులు, తిమ్మిర్లు, కాళ్లు చచ్చుబడడం వంటివి దీని లక్షణాలు. మెట్లు మెట్లుగా ఆగుతూ పైకి రావాలనే పద్ధతిని 1908లో బ్రిటన్‌కు చెందిన జాన్ స్కాట్ హాల్డేన్ ప్రకటించారు. ఆయన కుమారుడు జె.బి.ఎస్. హాల్డేన్ రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఒత్తిడి గదుల్లో తన మీద తానే ప్రయోగాలు చేసుకున్నారు. ఆయన 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు. తన దేహాన్ని వైద్య విద్యార్థుల చదువు కోసం మన కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు ఇవ్వాలని వీలునామా రాశారు. నీటి అడుగున మనిషి శరీరం ఎంత తట్టుకోగలదో తన ఒంటి మీదనే పరీక్షించుకున్న మనిషికి మన జిల్లాతో ఇలా సంబంధం కలిసింది.

నేటి డైవర్లు నిమిషానికి 9 మీటర్లకు మించకుండా పైకి వస్తారు, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగుతారు. ఆ అలవాటుకు మూలం ఇలాంటి ప్రయోగాలే.

ఫారం ఇంటి దగ్గరే నింపండి

కోర్సులో చేరేటప్పుడు ఒక ఆరోగ్య ప్రశ్నాపత్రం ఇస్తారు. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది 2020లో సవరించినది. మొదటి పేజీలో 10 ప్రశ్నలుంటాయి. మీ జవాబులను బట్టి వైద్యుని పరీక్ష, సంతకం అవసరం కావచ్చు. చిక్కు ఇక్కడే వస్తుంది. డబ్బు కట్టేశాం, సెలవు పెట్టేశాం, స్నేహితులు ఎదురుచూస్తున్నారు, దీవిలో వైద్యుని కోసం ఎక్కడ తిరుగుతాం అనుకుని, అన్నిటికీ 'లేదు' అని రాసేస్తారు. శిక్షకుడు ఆ కాగితాన్నే నమ్ముతాడు. సముద్రం కాగితాన్ని చూడదు.

అందుచేత ప్రయాణానికి నెల రోజుల ముందే ఆ ఫారం తెప్పించుకుని, మిమ్మల్ని ఎరిగిన వైద్యునికి చూపించండి. ముఖ్యంగా ఈ క్రింది వారు తప్పక చూపించాలి.

క్షయ వచ్చి నయమైనవారు: జబ్బు తగ్గినా ఊపిరితిత్తుల్లో మచ్చలు, గుల్లలు మిగిలి ఉండవచ్చు. పైకి వచ్చేటప్పుడు గాలి వాటిలో చిక్కుకుంటుంది. ఎక్స్‌రే, అవసరమైతే స్కానింగ్ చూసి వైద్యుడు సరేనంటేనే వెళ్లాలి.

ఉబ్బసం ఉన్నవారు: పూర్తిగా అదుపులో ఉండి, ఊపిరి పరీక్ష బాగుంటే కొందరికి అనుమతి ఇస్తారు. చలిగాలికో పరుగుకో ఆయాసం వచ్చేవారు మానుకోవడం మంచిది.

రక్తపోటు, షుగరు, గుండె జబ్బు ఉన్నవారు: వాడుతున్న మందుల చీటీ కూడా చూపించండి. 45 ఏళ్లు దాటి, పొగతాగే అలవాటో కొలెస్టరాలో ఉన్నవారికి వైద్యుని పరీక్ష అవసరమవుతుంది.

చెవి కారేవారు, కర్ణభేరికి చిల్లు ఉన్నవారు: చెవి పరీక్ష చేయించుకోవాలి.

మూర్ఛలు వచ్చేవారు, గర్భిణులు, ఒకసారి ఊపిరితిత్తి దానంతట అదే ముడుచుకుపోయినవారు: స్కూబా జోలికి వెళ్లరాదు.

ఆరోగ్యవంతులకు కూడా జలుబు చేసిన రోజున సెలవే. దిగేటప్పుడు ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊది చెవులను సర్దుకోవాలి. నొప్పి పుట్టే వరకు ఆగకుండా మొదటి మీటరు నుంచే ఆ పని చేయాలి. సర్దుకోకపోతే కొంచెం పైకి రావాలి. బలవంతంగా దిగితే కర్ణభేరి పగులుతుంది.

తిరుగు ప్రయాణం

వరుసగా కొన్ని రోజులు డైవ్ చేసినవారు కనీసం 18 గంటలు గడిచాకే విమానం ఎక్కాలి. విమానంలో ఒత్తిడి తగ్గి, మిగిలిన నత్రజని బుడగలు కట్టవచ్చు. కాబట్టి కోర్సు చివరి రోజుకూ విమానానికీ మధ్య ఒక రోజు ఖాళీ ఉంచి టికెట్టు తీసుకోండి. డైవ్ చేసే రోజుల్లో మంచినీళ్లు బాగా తాగండి, మద్యం ముట్టకండి.

తరువాత ఒకటి రెండు రోజుల్లో కీళ్లనొప్పి, తిమ్మిరి, తల తిరగడం, విపరీతమైన నీరసం, ఒంటి మీద మచ్చలు కనిపిస్తే ప్రయాణపు అలసటేలే అని ఊరుకోకండి. ఆసుపత్రికి వెళ్లగానే 'మొన్న స్కూబా డైవింగ్ చేశాను' అని చెప్పండి. ఆ ఒక్కమాట చెప్పకపోతే ఎంత మంచి వైద్యునికైనా అనుమానం రాకపోవచ్చు. వెంటనే ప్రాణవాయువు పెట్టి, ఒత్తిడి గది ఉన్న చోటికి పంపడమే దీనికి చికిత్స. కోర్సులో చేరేముందే 'దగ్గరలో ఒత్తిడి గది ఎక్కడుంది? పడవలో ప్రాణవాయువు సిలిండరు ఉందా?' అని అడగండి. మంచి శిక్షకుడు ఈ ప్రశ్నకు సంతోషిస్తాడు.

సర్టిఫికెట్ ఎందుకు పనికిరాదు?

2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర గోదావరిలో లాంచీ మునిగిన దుర్ఘటన మనమెవరం మరువలేదు. ఆ లాంచీ 200 అడుగులకు పైగా లోతున, సుడుల మధ్య, బురదలో చిక్కుకుంది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం, నీటిలోకి దిగిన డైవర్లు ఎంతో శ్రమించి అక్టోబరు 22న దానిని బయటకు తీశారు. సెలవుల కోర్సులో నేర్పే లోతు అందులో మూడోవంతైనా కాదు, అదీ నీరు తేటగా ఉన్న సముద్రంలో. అందుచేత సర్టిఫికెట్ చేతికొచ్చిందని వరద గోదావరిలోనో, బావిలోనో, కాలువ లాకుల దగ్గరో ఎవరినో వెతకడానికి దిగకండి. ఎవరైనా పిలిచినా 'నాకు ఆ శిక్షణ లేదు' అని చెప్పండి. అది పిరికితనం కాదు.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు వెళతామన్నప్పుడు వద్దని కోప్పడితే వారు చెప్పకుండా వెళతారు. దానికి బదులు ఆ ఫారం తెచ్చి వారితో కూర్చోండి. చిన్నప్పటి ఆయాసం, చెవిపోటు, ఫిట్స్ సంగతి వారికి గుర్తుండకపోవచ్చు, మీకు గుర్తుంటుంది. అది రాయించి, వైద్యునికి చూపించి పంపండి. వైద్యుడు వద్దంటే పడవలో కూర్చుని సముద్రాన్ని చూసి రావచ్చు. సరేనంటే నిశ్చింతగా దిగి, చేపలనూ పగడాలనూ చూసి క్షేమంగా ఇంటికి రావచ్చు.