పంపు తుపాకి

పెన్సిల్వేనియా పేరు మనవాళ్ళకు కొత్త కాదు. అమెరికాలో పిట్స్‌బర్గు దగ్గర పెన్ హిల్స్‌లో వేంకటేశ్వరస్వామి కోవెల వెలసింది ఆ రాష్ట్రంలోనే. చలికాలం మొదట్లో ఆ రాష్ట్రపు కొండల్లో వేరే సందడి ఒకటి జరుగుతుంది. అది జింకల వేట. 2019లో శనివారానికి మార్చేదాకా, థాంక్స్‌గివింగ్ పండుగ తరువాతి సోమవారం నాడు వేట మొదలయ్యేది. ఆ రోజున చాలా ఊళ్ళలో బళ్ళకు కూడా సెలవే! తాతలూ మనుమలూ కళ్ళు చెదిరే నారింజరంగు చొక్కాలు తొడుక్కుని అడవి దారి పడతారు. తోటి వేటగాడు తమను జింక అనుకోకుండా ఆ రంగు చట్టమే విధించింది. వాళ్ళ భుజాన తరచుగా కనిపించేది పంపు తుపాకి.

సైకిలుకు గాలి కొట్టడం ఎరిగినవారికి దీని కీలకం ఇట్టే బోధపడుతుంది. గొట్టం కింద ఎడమచేత్తో పట్టుకునే కొయ్యపిడి ముందుకూ వెనక్కూ జరుగుతుంది. వెనక్కు లాగితే పేలిన తూటా డొల్ల బయటికి ఎగిరిపడుతుంది. ముందుకు తోస్తే కొత్త తూటా లోపలికి ఎక్కుతుంది. గురి మీదనుంచి కన్ను తీయనక్కరలేదు.

తూటాను తనంతట తానే ఎక్కించుకునే తుపాకులు వచ్చి నూరేళ్ళు దాటింది గదా, ఇంకా ఈ చేతిపని దేనికంటారా? అటువంటి వాటితో జింకను కొట్టరాదని ఆ రాష్ట్రపు నిబంధన. చేత్తో ఆడించేవాటిలో చురుకైనది పంపు తుపాకి గనుక దానికి గిరాకీ. యంత్రాలకు దూరంగా బ్రతికే ఆమిష్ రైతుల పేరు పెట్టి దీన్ని ‘ఆమిష్ మెషీన్‌గన్’ అని వేళాకోళం చేస్తారు. 2017లో ఆ నిబంధన సడలించాలని అధికారులు తలపెడితే, అడ్డు చెప్పినవారు ఎక్కువమంది వేటగాళ్ళే! చిన్న జంతువుల వేటకు మాత్రం అనుమతి ఇచ్చి, జింకల సంగతి విరమించుకున్నారు. తుపాకి పట్టినవాళ్ళే తమ చేతికి కాస్త పగ్గం ఉండనిమ్మని అడగడం నాకు ముచ్చటగా తోచింది.

ఈ తుపాకుల్లో పేరుపడ్డది రెమింగ్టన్ 760. 1950లో అదే కంపెనీ 870 అనే పంపు షాట్‌గన్ను తెచ్చింది. పిట్టల వేటలో దానికి అలవాటుపడిన చేతులకు 1952లో ఈ రైఫిలు అందింది. 1981లో దాని స్థానంలో 7600 వచ్చింది. వెర్మాంట్ మంచులో జింక అడుగుజాడ పట్టుకుని రోజంతా నడిచే లారీ బెన్వా అనే వేటగాడి పుణ్యమా అని 760 పేరు ఇంకా మారుమోగింది.

కొన్న తుపాకిని కొన్నట్టే ఉంచుకునేవారు తక్కువ. చలికోటు మీద మడమ తగులుకుంటుందని కాస్త కోయిస్తారు. 22 అంగుళాల గొట్టం పొదల్లో అడ్డమని 18½ అంగుళాల పొట్టిరకం వెతుక్కుంటారు. దుర్భిణి అద్దం మీద మంచు పడితే ఏమీ కనిపించదు. అందుకని దాన్ని ఊడదీసి, కంటి దగ్గర చిన్న రంధ్రపు బిళ్ళ బిగిస్తారు. జాడ పట్టి నడిచేవారు ఆ బిళ్ళను కూడా తీసేసి పెద్ద కన్నంలోంచే చూస్తారు. కన్ను తనంతట తానే నడిమికి వస్తుందట! పిడి లొటలొటలాడుతుందని కొందరి ఫిర్యాదు. బొత్తిగా బిగిస్తే పంపు నడవదు.

కాని సరదాకు హద్దు ఉంది. గొట్టం 16 అంగుళాలకు తగ్గితే, ప్రభుత్వపు ముందస్తు అనుమతి లేనిదే అది పెద్ద నేరం. 1934 నాటి కేంద్ర చట్టం సవరణలతో ఇంకా అమలులో ఉంది. ఇక మీట తేలిక చేయించే మోజు మరీ ప్రమాదం. చలికి కొయ్యబారిన వేలు తగిలితే చాలు, అనుకోకుండా పేలుతుంది. అది ఇంటి బల్లమీద స్క్రూడ్రైవరుతో చేసుకునే పని కాదు.

న్యూయార్క్ రాష్ట్రంలోని ఇలియన్‌లో ఉన్న రెమింగ్టన్ పాత కర్మాగారం 2024లో మూతపడింది. ఇంట్లో తాతగారి 760 ఉన్నవాళ్ళు దాన్ని ఇప్పుడు మరింత భద్రంగా చూసుకుంటున్నారు.

పిల్లవాడి చేతికి దాన్ని ఇచ్చేముందు పెద్దలు నేర్పవలసిన సంగతి ఒకటుంది. కింది తూటాల పెట్టె ఊడదీయగానే తుపాకి ఖాళీ అయిందనిపిస్తుంది. కాని ఎక్కిన తూటా లోపల అట్లాగే ఉంటుంది. నిండిన తుపాకితో బండి ఎక్కడం ఆ రాష్ట్రంలో నేరం కూడాను. అందుచేత సాయంత్రం కారు దగ్గరికి రాగానే గొట్టాన్ని నేలవైపు వంచి, పెట్టె తీసి జేబులో వేసుకుంటారు. పిడి వెనక్కు లాగి తూటా దులుపుతారు. మసకచీకట్లో కన్ను ఆనకపోతే, లోపల చిటికెనవేలు పెట్టి తడిమి చూసుకుని గాని తలుపు తీయరు.